భయానికి రూపమిచ్చిన దర్శకుడు హిచ్‌కాక్

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1899 ఆగస్టు 13న లండన్ శివారు లేటన్‌స్టన్‌లో ఒక కతోలిక కూరగాయల వ్యాపారి ఇంట జన్మించారు. యేసుసభ గురువుల పాఠశాలలో చదివారు. అక్కడ తప్పుచేసిన పిల్లవాడి అరచేతిపై రబ్బరు బద్దతో కొట్టేవారు. ఆ దెబ్బలు ఏ వేళకు తినాలో పిల్లవాడే ఎంచుకోవాలి. సాయంత్రానికి వాయిదా వేసుకున్నవాడు రోజంతా వణకవలసిందే. తనకు భయం తెలిసింది అక్కడేనని హిచ్‌కాక్ పెద్దయ్యాక చెప్పుకునేవారు.

1914లో తండ్రి మరణించారు. టెలిగ్రాఫ్ తీగల కంపెనీలో ఉద్యోగం చేసిన హిచ్‌కాక్, 1920లో మూకీ చిత్రాలకు అక్షరాల పలకలు గీసే పనిలో చేరారు. 1926లో ఫిల్మ్ ఎడిటర్ ఆల్మా రెవిల్‌ను వివాహమాడారు. ఆమె జీవితాంతం ఆయనకు సలహాదారు. 1939లో అమెరికా చేరారు.

బల్లకింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిస్తే, పాత్రల మామూలు కబుర్లు కూడా ఊపిరి బిగబట్టి వింటాడు. ఇదే ఆయన సూత్రం. 'సస్పిషన్' (1941)లో భర్త పాలగ్లాసుతో మెట్లెక్కి వస్తాడు. గ్లాసులో చిన్న బల్బు పెట్టించడంతో చీకట్లో పాలు తెల్లగా మెరుస్తాయి. వాటిలో విషముందేమోనని మన చూపు గ్లాసును వదలదు. 'సైకో' (1960)లోని స్నానాలగది హత్య తెరపై ముప్పావు నిమిషమే. దానిని వారంరోజులపాటు, 70కి పైగా కోణాల్లో తీసి, చిన్నచిన్న ముక్కలుగా అతికించారు. రక్తంగా వాడింది చాక్లెట్ పాకం. శవంగా పడివున్న నటిలో చిన్న కదలికను పసిగట్టింది ఆల్మాయే. కత్తి చేసిన గాయం తెరపై కనిపించదు. దానిని ప్రేక్షకుడి మనసే పూరిస్తుంది. అలాంటి సినిమా చూసి నిద్రలో ఉలిక్కిపడే పిల్లలకు తల్లిదండ్రులు ఈ సంగతి విడమరచి చెప్పవచ్చు.

'ఐ కన్ఫెస్' (1953)లో హంతకుడు పాపసంకీర్తనంలో నేరం ఒప్పుకుంటాడు. అనుమానం గురువు మీదే పడుతుంది. నిజం ఆయనకు తెలుసు, మనకూ తెలుసు. అయినా ఆయన నోరు విప్పరాదు. ఈ మౌనం చాలామంది ప్రేక్షకులకు అర్థం కాలేదు. కతోలికులకు మాత్రం విడమరచి చెప్పనక్కరలేదు.

కొంతకాలంగా దేవాలయానికి దూరమైన హిచ్‌కాక్ ఇంట, చివరి రోజుల్లో యేసుసభ గురువులు దివ్యబలిపూజ అర్పించేవారు. పూజలో ఆయన చిన్ననాటి అలవాటుగా లాటిన్‌లోనే జవాబులు చెప్పారు. దివ్యసత్ప్రసాదం స్వీకరించాక మౌనంగా కన్నీరు కార్చారు. 1980 ఏప్రిల్ 29న, 80 ఏళ్ల వయసులో లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు.