శాండో పిడికిట్లో ఆరోగ్య రహస్యం

గుంటూరు పట్నంబజారులోనో, ఒంగోలు ట్రంకురోడ్డులోనో చేతుల్లేని బనియన్ కావాలంటే మీరేమని అడుగుతారు? శాండో బనియన్ అనే కదా! ఆ శాండో ఒక మనిషి పేరు. కండబలంతో లోకాన్ని అబ్బురపరచిన యూజెన్ శాండో, వ్యాయామ పరికరాలకు పేటెంట్లు తీసుకున్న తొలితరం వారిలో ఒకరు.

ఆయన అసలు పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముల్లర్. 1867లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది. కుర్రతనంలోనే సర్కస్‌లో చేరారు. 1889లో లండన్ వేదికపై శాంసన్ అనే పేరుమోసిన బలశాలి విసిరిన సవాలును గెలవడంతో ఆయన పేరు మారుమోగిపోయింది. 1893లో షికాగో ప్రదర్శనలతో అమెరికానూ ఆకట్టుకున్నారు. మరుసటి ఏడాది ఎడిసన్ స్టూడియోలో ఆయన కండల విన్యాసాన్ని చిత్రీకరించారు.

అక్కడితో ఆగిపోతే ఆయన ఒక సర్కస్ వీరుడిగానే మిగిలేవారు. కానీ రోజంతా కుర్చీలో కూర్చునే గుమస్తాలకూ బలం కావాలని ఆయన తలచారు. 1897లో లండన్‌లో వ్యాయామశాల తెరిచారు. ఆ రోజుల్లోనే స్ప్రింగ్ డంబెల్‌కు పేటెంట్ తీసుకున్నారు. అదెలా ఉంటుందంటే, డంబెల్‌ను నిలువునా రెండు బద్దలు చేసి మధ్యలో ఉక్కు స్ప్రింగులు పెట్టినట్టు ఉంటుంది. పిడికిలి బిగించి రెండు బద్దలనూ దగ్గరకు నొక్కి ఉంచుతూనే చేతులు కదపాలి. పట్టు సడలితే అవి విడిపోతాయి. బలం పెరిగేకొద్దీ స్ప్రింగులు పెంచుకోవచ్చు.

ఇందులో కిటుకు ఏమిటో గమనించారా? తేలికపాటి డంబెల్‌ను పరధ్యానంగా కూడా ఊపేయొచ్చు. దీన్ని అలా కుదరదు. వ్యాయామం చేసినంతసేపూ మనసు పిడికిలి మీదే ఉండాలి, ముంజేతి కండరాలు పనిచేస్తూనే ఉండాలి.

1901లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో శాండో దేహదారుఢ్య పోటీ నిర్వహించారు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ న్యాయనిర్ణేతల్లో ఒకరు. ఆ తర్వాత కొన్నేళ్లకే శాండో మన దేశానికీ వచ్చి ప్రదర్శనలిచ్చారు. మన వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీకి చుట్టిన గొలుసును ఊపిరి బిగించి తెంచి పేరు తెచ్చుకున్నదీ ఇంచుమించు ఆ కాలంలోనే. 1911లో ఐదో జార్జి చక్రవర్తి శాండోను తన వ్యాయామ ఆచార్యుడిగా నియమించారు. అంతటి బలశాలీ 1925లో, 58 ఏళ్లకే కన్నుమూశారు. కండలున్నంత మాత్రాన ఆయుష్షుకు హామీ లేదని ఆయన జీవితమే చెబుతోంది.

అయినా పిడికిలిని ఆయన నమ్మడం వృథా పోలేదు. మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని పరిశీలించిన ఒక అధ్యయనం 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చేతిపట్టు 5 కిలోల మేర తక్కువగా ఉన్నకొద్దీ మరణం ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. పట్టు తగ్గడమే జబ్బు కాదు, ఒంట్లో సత్తువ తగ్గుతోందనడానికి అదొక గుర్తు.

మన పల్లెల్లో ఒకప్పుడు బావిలో నీళ్లు చేదడం, రోట్లో మిరపకాయలు దంచడం, పొలంలో పత్తి తీయడం చేతికి రోజూ పనిపెట్టేవి. ఇప్పుడు చాలా ఇళ్లలో నీళ్లకు మోటారు, కారానికి మిల్లు వచ్చేశాయి. కాబట్టి ఆ పనిని మీరే కల్పించుకోవాలి. మెత్తటి రబ్బరు బంతిని పిడికిట్లో ఐదు సెకన్లు నొక్కి వదలండి. ఒక్కో చేత్తో పదిసార్లు చేస్తే చాలు. తడి తువ్వాలు పిండటమూ మంచిదే. నొక్కేటప్పుడు ఊపిరి బిగపట్టొద్దు. రక్తపోటు, గుండెజబ్బు, కీళ్లనొప్పులు ఉన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. దీనికి రోజూ నడక తోడైతేనే ఫలితం.

ఇంట్లో పెద్దవాళ్లకు సీసా మూత తిప్పడం కష్టమవుతోందా? వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా ఓసారి డాక్టరుకు చూపించండి.