మెట్రిక్ రెండుసార్లు తప్పినా... వైద్య చరిత్రలో నిలిచిన యల్లాప్రగడ

నంద్యాల, ఆళ్లగడ్డ: నంద్యాల, ఆళ్లగడ్డ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన ఒక తెలుగు విద్యార్థి కృషి ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. సీటు ఇంటి ముంగిటికి వచ్చినా మార్కులు చాలక నిరాశ చెందుతున్న విద్యార్థులకు ఆయన జీవితం ఆలోచింపదగినది.

మూడో ప్రయత్నంలో గట్టెక్కి...

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి మరణంతో కుటుంబం ఇక్కట్ల పాలైంది. మద్రాసు హిందూ హైస్కూలులో చదివి మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, మామగారి ఆర్థిక సాయంతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

ఖద్దరు తెచ్చిన చిక్కు

గాంధీజీ పిలుపుతో ఆయన ఖద్దరు ధరించడం ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యునికి రుచించలేదు. పరీక్షలు చక్కగా రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులోనూ చోటు దొరకలేదు. ఆయన కుంగిపోక, మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో బోధకునిగా చేరారు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగు వ్యాధి కబళించడం ఆయన మనసును కలచివేసింది.

రాత్రి కొలువు, పగలు చదువు

బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యం అభ్యసించారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేశారు. ఆపై జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కేతో కలిసి శరీరద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.లపై వారి పరిశోధనలు ప్రఖ్యాతి పొందాయి. 1930లో సుబ్బారావు పిహెచ్.డి. అందుకున్నారు. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం లభించలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు మారారు.

సోదరులను బలిగొన్న వ్యాధికే మందు

లెడర్లీలో ఆయన నేతృత్వంలోని బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూకు అది చికిత్సగా పనికివచ్చింది. బోదకాలు చికిత్సకు వాడే హెట్రజాన్, క్యాన్సర్‌పై పోరుకు తొలి అస్త్రాల్లో ఒకటైన అమినోప్టెరిన్ ఆయన బృందం కృషి ఫలాలే. సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, వ్యాధిని తాత్కాలికంగానైనా అణచవచ్చని 1948లో ప్రకటించారు. ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వెలువడింది. అదే ఏడాది ఆగస్టులో 53వ ఏట సుబ్బారావు అమెరికాలో కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

కోల్పోయిన ఎం.బి.బి.ఎస్. పట్టా ఆయనకు చివరివరకూ రాలేదు. పట్టా కోసం ఎదురుచూస్తూ కూర్చోక, అందిన చిన్న పట్టాతోనే ముందుకు నడిచారు. తప్పిన పరీక్షను తిరిగి రాయడంలోనూ, ఒక ద్వారం మూసుకున్నప్పుడు మరొకటి వెదకడంలోనూ ఆయన చూపిన పట్టుదలే నేటి విద్యార్థులకు పాఠం.