డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మానవ దేహంలో ఎర్ర రక్తకణం జీవితకాలం సుమారు 120 రోజులు. నశించిన కణాల స్థానంలో ఎముకల మూలుగ నిరంతరం కొత్త కణాలను సృష్టిస్తూ ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గినప్పుడు మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును అధికంగా విడుదల చేసి, మూలుగను తొందరపెడతాయి. కాని ఆజ్ఞ అందినంత మాత్రాన పని పూర్తికాదు. కణం ఎదగడానికి కావలసిన ముడిసరుకు కూడా ఉండాలి. అది లోపించినప్పుడు హార్మోను ఎంత పెరిగినా, కణాలు పక్వం కాక మూలుగలోనే నశిస్తాయి. రోగి పాలిపోయి, నీరసించి, క్రమంగా మృత్యుముఖానికి చేరుతాడు. ఆ ముడిసరుకులలో ముఖ్యమైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించి, లోకానికి అందించిన మహనీయుడు మన తెలుగువాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న గోదావరి తీరప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. తండ్రి అనారోగ్యం వల్ల ఉద్యోగం వదులుకోవడంతో కుటుంబం దారిద్ర్యంలో చిక్కుకుంది. బాల్యంలో సుబ్బారావుకు చదువుపై శ్రద్ధ తక్కువ. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనుకకు రప్పించింది. తండ్రి మరణించిన తరువాత ఆమె తన నగలు అమ్మి కుమారుణ్ణి చదివించింది. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కిన ఆ విద్యార్థి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, వైద్య కళాశాలలో చేరారు.

ఆ దశలోనే ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన విషాదం సంభవించింది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలైపోయారు. తిన్న ఆహారం ఒంటబట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషిని కృశింపజేసే ఉష్ణమండల వ్యాధి అది. సుబ్బారావుకు కూడా ఆ వ్యాధి సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. తనను బ్రతికించినదేమిటో, సోదరులకు దక్కనిదేమిటో తెలుసుకోవాలనే తపన ఆనాడే ఆయనలో నాటుకున్నది.

జాతీయోద్యమ ప్రభావంతో ఆయన ఖద్దరు వస్త్రాలతో శస్త్రచికిత్స తరగతికి హాజరయ్యారు. అది ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించిన పిమ్మట, మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అందించిన తోడ్పాటుతో 1920ల ఆరంభంలో అమెరికా చేరారు. భార్య శేషగిరిని ఆయన మళ్ళీ చూడలేదు. వారి కుమారుడు పసితనంలోనే మరణించాడు.

బోస్టన్‌లో జీవనం కఠినంగా సాగింది. రాత్రివేళల ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేస్తూ, పగలు హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అది జీవరసాయన శాస్త్రంలో ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా స్థిరపడింది. ఆ కృషి నుండే కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలు వెలుగులోకి వచ్చాయి. 1930లో ఆయన పిహెచ్.డి. పట్టం పొందారు. అయినా హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కలేదు.

1926లో బోస్టన్ వైద్యులు మైనాట్, మర్ఫీ పశుకాలేయాన్ని ఆహారంగా ఇచ్చి ప్రాణాంతక రక్తహీనతను నయం చేయవచ్చునని నిరూపించారు. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను ఈస్టుతో నయం చేయగలిగారు. కాలేయంలో, ఈస్టులో ఉన్న ఆ ఔషధగుణం దేనిదో అప్పటికి తెలియదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో చేరిన సుబ్బారావు ఆ అన్వేషణకు పెద్ద బృందాన్ని నియోగించారు. 1945లో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తం ఆ మందుతో మళ్ళీ పుష్టిపొందింది. సోదరులను కబళించిన వ్యాధికి ఆ విధంగా విరుగుడు లభించింది. అయితే ప్రాణాంతక రక్తహీనతలో నరాలకు కలిగే హానిని ఫోలిక్ ఆమ్లం ఆపలేదు. అందుకు కావలసిన విటమిన్ బి-12 ను ఇతర శాస్త్రవేత్తలు 1948లో వేరుచేశారు.

కణాలను పెంచే పదార్థానికి ప్రతికూలమైనది దొరికితే, అదుపుతప్పి పెరిగే రక్త క్యాన్సర్ కణాలను ఆపవచ్చునని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ భావించారు. సుబ్బారావు బృందం అందించిన అమినాప్టెరిన్‌తో 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. దానికి సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రాజాన్, క్షయేతర అంటువ్యాధులెన్నింటినో అణచే ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలోని ప్రయోగశాల నుండే వెలువడ్డాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. బహుమతులను, ప్రచారాన్ని ఆయన కోరలేదు. పరిశోధన ఫలితాలకు సహచరుల పేర్లే ముందుంచారు. భారత ప్రభుత్వం 1995లో ఆయన స్మారకంగా తపాలాబిళ్ళను విడుదల చేసింది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో గర్భిణి చేతికి ఆరోగ్య కార్యకర్త అందించే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర చాలా చిన్నది. బోదకాలు పీడించిన గోదావరి డెల్టా పల్లెలలో ఇంటింటా పంచిన మాత్ర కూడా చిన్నదే. వాటిపై ఎవరి పేరూ ఉండదు. ఆ గోదావరి సీమలోనే పుట్టి, సొంత ఇంటి దుఃఖాన్ని లోకహితంగా మలచిన మనీషి కృషి వాటిలో ఇమిడి ఉంది.