ఇంజినీరింగ్ కాలేజీకి ఆర్థికవేత్త పేరు

ఇటీవల శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, పాలిటెక్నిక్‌గా మొదలై బీటెక్ దాకా ఎదిగిన కళాశాల ఒకటుంది. దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. దేశమంతటా ఎన్నో సంస్థలకు ఉన్న పేరే కదా అని ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించరు. కానీ బీటెక్‌తోపాటు ఎకనామిక్స్ మైనర్ తీసుకోవాలా, ఆ సమయాన్ని కోడింగ్‌కు పెట్టుకోవాలా అని తర్జనభర్జన పడే విద్యార్థి, ఆ పేరు గల మనిషి జీవితంలో అంతగా ప్రచారం లేని అధ్యాయాన్ని ఒకసారి చూడాలి.

అంబేడ్కర్ చదువులో మొదటి నుంచీ అర్థశాస్త్రానిదే పెద్దపీట. 1913లో బరోడా సంస్థానం ఉపకార వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ తర్వాత బొంబాయి సిడెనహామ్ కళాశాలలో పాఠాలు చెప్పి, మళ్లీ లండన్ చేరి, 1923లో రూపాయి సమస్యపై డీఎస్సీ సాధించారు. కొలంబియా పీహెచ్‌డీ కోసం ఆయన ఎంచుకున్న విషయం పైకి బాగా పొడిగా కనిపిస్తుంది: బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య డబ్బు ఎలా పంచుకున్నారు? అదే తర్వాత నదుల దగ్గర అక్కరకొచ్చింది.

1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ ఆయనకు దక్కింది. నీటిపారుదల, విద్యుత్తు కూడా అప్పట్లో ఆ శాఖ కిందివే. మరుసటి ఏడాది దామోదర్ నది వరద బెంగాల్‌ను ముంచెత్తింది. కట్టలు పెంచడమే అప్పటిదాకా తెలిసిన మందు. వరద నీటిని శత్రువుగా కాక సంపదగా చూడాలని, ఒకే ఆనకట్టతో వరద నియంత్రణ, సాగునీరు, కరెంటు మూడూ రాబట్టాలని అంబేడ్కర్ వాదించారు. అమెరికాలోని టెన్నెసీ లోయ పథకం ఆయనకు నమూనా. అక్కడి ఇంజినీరు వూర్డుయిన్‌ను రప్పించి ప్రణాళిక గీయించారు. 1945లో ఏర్పడిన కేంద్ర జల సంఘానికి ఎ.ఎన్. ఖోస్లా అధ్యక్షుడయ్యారు.

డ్యాము డిజైను ఇంజినీర్లదే. అంబేడ్కర్ అందులో వేలు పెట్టలేదు. బిగుసుకున్న ముడి వేరే: నది అప్పటి బిహార్‌లో పుట్టి బెంగాల్‌లో ముంచేది. మరి ఖర్చు ఎవరిది? 1948లో వచ్చిన దామోదర్ లోయ కార్పొరేషన్ చట్టం దానికి లెక్క కట్టింది. విద్యుత్తు వ్యయాన్ని కేంద్రం, బిహార్, పశ్చిమ బెంగాల్ సమానంగా భరించాలి. వరద నియంత్రణలో 14 కోట్ల రూపాయల వరకు కేంద్రం, పశ్చిమ బెంగాల్ చెరిసగం. ఆపైన అంతా పశ్చిమ బెంగాల్‌దే. కాంక్రీటు కంటే ముందు తేలాల్సింది ఈ పద్దే. అయినా అన్నీ అనుకున్నట్టు జరగలేదు. ప్రణాళికలో ఎనిమిది డ్యాములుంటే, 1959 నాటికి నిలిచినవి నాలుగే: తిలైయా, కోనార్, మైథాన్, పంచెట్. అంబేడ్కర్ అప్పటికే, 1956లో, కన్నుమూశారు.

దీన్నిబట్టి మైనర్ చేసినవారంతా అంబేడ్కర్లు అవుతారని కాదు. ఆయన ఆ విషయంపై ఏళ్ల తరబడి కూర్చున్నారు. నాలుగైదు కోర్సులు దానికి సాటిరావు. వాటి కోసం ప్రధాన సబ్జెక్టును పలచన చేసుకుంటే నష్టమే.

కానీ అండమాన్ విద్యార్థికి ఆ ప్రశ్నలు పుస్తకంలోవి కావు. ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో ఈ దీవులకు సంబంధం లేదు. కరెంటులో అధిక భాగం ఓడల్లో వచ్చే డీజిల్‌తో పుడుతుంది. ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 5.25 మెగావాట్లు మాత్రమే. జనరేటర్ ఎలా తిరుగుతుందో ఎలక్ట్రికల్ సిలబస్ చెబుతుంది. దీవిలో తయారయ్యే యూనిట్‌కు నిజంగా ఎంత పడుతుంది, అందులో వినియోగదారుడు కట్టేదెంత, మిగతాది ఎవరి జేబులోంచి వస్తుందన్నది మాత్రం వేరే తరగతి గదిలో నేర్చుకోవాల్సిందే.