జెండా వెంకయ్య గారు

జి.కె. పుస్తకాల్లో తప్పకుండా కనిపించే బిట్టు ఒకటుంది. జాతీయ పతాక రూపకర్త ఎవరు? జవాబు పింగళి వెంకయ్య అని మనందరికీ కంఠతా వచ్చు. ఒక మార్కు వస్తుంది, అక్కడితో ఆ పేరు వదిలేస్తాం. నిజానికి ఆయన జీవితం ఒక్క బిట్టులో ఇమిడేది కాదు.

గుడివాడ నుంచి పామర్రు మీదుగా కూచిపూడి వైపు వెళితే మొవ్వ మండలం వస్తుంది. ఆ మండలంలోని భట్లపెనుమర్రులో 1876 ఆగస్టు 2న వెంకయ్య గారు జన్మించారు. బందరులో చదువుకున్నారు. యువకుడిగా ఉండగానే సైన్యంలో చేరి, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వెళ్ళారు. గాంధీజీతో పరిచయం అక్కడే కలిగిందంటారు. తిరిగి వచ్చాక రైల్వే గార్డుగా, ప్లేగు నివారణ ఉద్యోగిగా పనిచేశారు. లాహోరు వెళ్ళి జపాను భాష నేర్చుకున్నారు. మునగాల జమీందారు అండతో నడిగూడెంలో కంబోడియా పత్తి మీద ప్రయోగాలు చేశారు. భూగర్భశాస్త్రం, వజ్రాల పరిశీలన కూడా ఆయనకు వచ్చు. అందుకే జనం ఆయన్ను ఒకసారి జపాన్ వెంకయ్య అనీ, ఒకసారి పత్తి వెంకయ్య అనీ, మరోసారి డైమండ్ వెంకయ్య అనీ పిలిచారు. చివరికి జెండా వెంకయ్య అన్న పేరే నిలిచింది.

దేశానికి సొంత జెండా కావాలన్న తపన ఆయనను ఏళ్ళ తరబడి వదల్లేదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేసే రోజుల్లో, 1916లో, జెండా గురించి ఇంగ్లీషులో పుస్తకమే ప్రచురించారు. అందులో ముప్పై దాకా నమూనాలున్నాయి. కాంగ్రెస్ సభలకు వెళ్ళి పెద్దలకు తన ఆలోచన వినిపించేవారు. చాలామంది పెద్దగా పట్టించుకోలేదు.

1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. జెండాలో రాట్నం ఉండాలని జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ సూచించారు. గాంధీజీ కోరగా వెంకయ్య గారు ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉన్న నమూనాను మూడు గంటల్లోనే సిద్ధం చేసి ఇచ్చారు. అయినా అది అందేసరికి ఆలస్యమై కమిటీ ముందుకు వెళ్ళలేదు. తర్వాత తెలుపు చేర్చాలన్న ఆలోచన గాంధీజీది. 1931లో పతాక సంఘం వేస్తే దానిలో మన బందరు డాక్టరు పట్టాభి సీతారామయ్య గారు కూడా ఉన్నారు. ఆ ఏడే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ఖాయమయ్యాయి. రాట్నం బదులు అశోకచక్రం 1947 జూలై 22న రాజ్యాంగసభ ఆమోదంతో వచ్చింది.

కనుక నేటి జెండా మొత్తం ఒక్కరే గీశారనడం సరికాదు. ఈ మాటంటే మన జిల్లా వాళ్ళకు కొంచెం కష్టంగా ఉంటుంది. అమెరికాలోనూ ఇలాంటి కథే ఉంది. వాళ్ళ మొదటి జెండాను బెట్సీ రాస్ అనే కుట్టుపని చేసే ఆవిడ కుట్టిందని పిల్లలకు నేర్పుతారు. ఆమె 1836లో చనిపోతే, 1870లో మనవడు చెప్పాక గానీ ఆ కథ లోకానికి తెలియలేదు. ఆనాటి ఆధారం ఒక్కటీ దొరకలేదు. వెంకయ్య గారి సంగతి అలా కాదు. ఆయన పుస్తకం ఉంది. నమూనా ఆయన చేతే గీయించానని 1921లోనే గాంధీజీ తన పత్రికలో పేరుపెట్టి రాశారు. లేనిది కలపకపోయినా ఆయన పెద్దవాడే.

ఆ తర్వాతి కథ చదివితే మనసు బాధపడుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రతి ఊళ్ళో మూడు రంగుల జెండా ఎగిరింది గానీ, వెంకయ్య గారిని తలచుకున్నవారు తక్కువ. విజయవాడలో పేదరికంలోనే బతికి, 1963 జూలై 4న కన్నుమూశారు. తపాలా బిళ్ళ రావడానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది. తన శవం మీద జాతీయ జెండా కప్పమనీ, శ్మశానానికి చేరాక దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టమనీ ఆయన ముందే చెప్పి ఉంచారంటారు.