వాల్తేరు గణితాచార్యుడు మీనాక్షిసుందరము

పండితుని పనిని అంకెలతో తూచుట నేటి ఆచారము. ఖాజాగూడ కొండరాళ్ళ చుట్టును వెలసిన కంప్యూటరు సంస్థలలోనే గాక విశ్వవిద్యాలయములలోను ఈ ఆచారమే నడచుచున్నది. ఎన్ని వ్యాసములు వ్రాసెను, వానిని ఎందరు ఉదహరించిరి అను లెక్కయే యోగ్యతకు కొలబద్ద. ఆ కొలబద్ద ఎంతవరకు నమ్మదగినదో తెలిసికొనుటకు వాల్తేరులో గణితము బోధించిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరముగారి జీవితము చక్కని నిదర్శనము.

వారు 1913 అక్టోబరు 12వ తేదీన త్రిచూరులో జన్మించిరి. మద్రాసు లయోలా కళాశాలలో చదివిరి. అనంత శ్రేణులు వారి తొలి పరిశోధనా విషయము. లయోలాలోని ఫాదర్ రాసిన్ ప్రోత్సాహము వలనను, హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయాచార్యులు రజీయుద్దీన్ సిద్దీఖీగారి పరిశోధనల వలనను, వారి దృష్టి ఉష్ణప్రసార సమీకరణములవైపు మరలెను. పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి, ఉద్యోగజీవితములో ముఖ్యభాగమును వాల్తేరు సముద్రతీరముననే గడపిరి.

1946లో వారు అమెరికాలోని ప్రిన్స్టన్ ఉన్నత విద్యాసంస్థకు వెళ్ళిరి. స్వీడన్ గణితజ్ఞుడు ప్లేయెల్‌తో కలసి వారు చేసిన పని 1949లో కెనడా గణిత పత్రిక తొలి సంపుటమున వెలువడినది. ఆ వ్యాసము పదునైదు పుటలు మాత్రమే. మచిలీపట్టణమున జన్మించిన చంద్రశేఖరన్‌గారితో కలసి శ్రేణులపై వ్రాసిన గ్రంథము 1952లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయము ప్రకటించినది.

ఆ పదునైదు పుటలలోని విశేషమేమి? కుండ కొనువాడు వ్రేలితో తట్టి చూచును. కంటికి కానరాని బీట చెవికి తెలియును. అట్లే ఒక తలము మ్రోగగల స్వరములన్నియు తెలిసినచో దాని వైశాల్యము తెలియునని జర్మను గణితజ్ఞుడు వైల్ 1911లో నిరూపించెను. మీనాక్షిసుందరముగారును ప్లేయెల్‌ను ఈ విచారమును రీమన్ కల్పించిన వక్రప్రదేశములకు కొనిపోయిరి. ఆ స్వరసంఖ్యలతో రీమన్ జీటా ఫలమును బోలిన ఒక ఫలమును నిర్మించిరి. ఒక బిందువున ఉంచిన వేడి తొలిక్షణములలో ఎట్లు వ్యాపించునో పరికించినచో, ఆ ప్రదేశపు ఘనపరిమాణము, వక్రత మున్నగునవి ఒకదాని వెంట నొకటి బయటపడును. వేడిమి నడకలో ఆకారము దాగియున్నదన్నమాట.

1958లో ఎడింబరో నగరమున జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో వారు ప్రసంగించిరి. డోలు ఆకారమును చెవితో వినవచ్చునా యని కాట్స్ వేసిన ప్రశ్న 1966లో ప్రసిద్ధి కెక్కినది. మరుసటి యేడు మెకీన్, సింగరు లిరువురు ఆ త్రోవలో ముందునకు సాగిరి. 1968 ఆగస్టులో మీనాక్షిసుందరముగారు అస్తమించిరి. అప్పటికి వారికి ఏబదియైదేండ్లు నిండలేదు.

అసలు పంట ఆ తరువాత పండినది. 1971లో బొంబాయి టాటా సంస్థలోని యువకుడు పటోడీ ఉష్ణసమీకరణమును సాధనముగా గొని, సంకీర్ణ జ్యామితికి మూలస్తంభమగు రీమన్–రాక్ సిద్ధాంతమును కేలర్ ప్రదేశములకు నిరూపించెను. 1973లో అతీయా, బాట్, పటోడీలు దానిని ఇంకను విస్తరించిరి. ఆ సంవత్సరమే రే, సింగరు లిరువురు అట్టి జీటా ఫలములతోనే సంకీర్ణ ప్రదేశములకు ఒక క్రొత్త కొలతను నిర్వచించిరి. 1977లో హాకింగ్ ఆ పద్ధతిని వక్రమైన దేశకాలమునకు అన్వయించెను.

వారి జీవితకాలముననే లెక్క ముగించియున్నచో ఈ పంటలో అధికభాగము లెక్కకు వచ్చెడిది కాదు. ఇంకొక చిక్కును గలదు. సత్యము అందరి సొత్తయినకొలది కర్త పేరు జారిపోవును. ఆ జీటా ఫలమునకు వారిరువురి పేర్లు నిలిచినను, వేడిమి విస్తరణలోని గుణకములను చాలమంది ఇతరుల పేర్లతోనే వ్యవహరించుచున్నారు. పేరు చెప్పకయే వాడుకొనువారును కలరు. బావి త్రవ్వినవాని పేరు ఎరుగకయే ఊరివారు నీరు తోడుకొందురు. చేదలను లెక్కింపవచ్చును గాని, ఆ నీటితో పండిన చేలను లెక్కించుట యెట్లు?

ఖాజాగూడ ప్రాంతమున అంకెలతో జీవించు మన యువకులు ఒక్కమారు ఆ పదునైదు పుటలను తలచుకొందురుగాక. విత్తనపు విలువ త్రాసునకు అందదు.