నవాబ్ జైన్ యార్ జంగ్

ఒక మహాసౌధాన్ని చూచినవారు దానిని కట్టించిన ప్రభువును తలచుకొంటారు; రూపమిచ్చిన వానిని మరచిపోతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్ట్సు కళాశాల ముందు నిలిచినప్పుడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు అందరికీ స్ఫురిస్తుంది. దాని నిర్మాణభారం వహించిన వాస్తుశిల్పి నవాబ్ జైన్ యార్ జంగ్ పేరు ఎందరికి తెలుసు? 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు ఓరుగల్లు విద్యార్థులకు సైతం ఉస్మానియాయే విద్యామాత. కనుక ఆయన చరిత్ర మనకు పరాయిది కాదు.

ఉర్దూ బోధనాభాషగా 1918లో వెలసిన ఆ విశ్వవిద్యాలయం చాలకాలం అద్దె భవనాలలోనే నడిచింది. శాశ్వత భవనాలు తలపెట్టినప్పుడు జైన్ యార్ జంగ్‌ను, సహచరుడు సయ్యద్ అలీ రజాను ప్రభుత్వం విదేశాలకు పంపింది. ఐరోపా, అమెరికా దేశాల విశ్వవిద్యాలయాలను వారు పరిశీలించారు. కైరోలో హెలియోపోలిస్ ప్యాలెస్ హోటలును నిర్మించిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ సలహాదారుగా హైదరాబాదు వచ్చి దక్కను ప్రాచీన కట్టడాలను దర్శించాడు. ఆయన వెళ్ళిపోయిన పిమ్మట పనిభారమంతా జైన్ యార్ జంగ్‌పై పడింది. 1934లో శంకుస్థాపన జరిగిన ఆర్ట్సు కళాశాల 1939లో ప్రారంభమైంది.

దేశదేశాలు తిరిగి వచ్చినా ఆ భవనంలో విదేశీ అనుకరణ కానరాదు. గులాబిరంగు గ్రానైటు రాతిలో ఎల్లోరా గుహల స్తంభాలను తలపించే స్తంభాలు, ఇస్లామీయ వాస్తురీతిలోని ఉన్నతమైన కమాను ఒకే కప్పు క్రింద ఒదిగిపోయాయి. రెండు సంప్రదాయాలలో ఏదీ రెండవదానికి తలవంచలేదు.

రాతిలో సాధ్యమైన ఆ సమన్వయం రాజకీయాలలో అంత సులభం కాలేదు. 1948లో జైన్ యార్ జంగ్ ఢిల్లీలో హైదరాబాదు సంస్థానపు ఏజెంటు జనరలుగా ఉన్నారు. సంస్థానానికీ భారత ప్రభుత్వానికీ నడుమ సంప్రదింపులు విఫలమై, సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. తాను ప్రతినిధిగా నిలిచిన ప్రభుత్వం అంతరించినా ఆయన ప్రజాసేవనుండి వైదొలగలేదు; సైనిక గవర్నరు చౌదరి పాలనామండలిలో సభ్యుడై కొత్త వ్యవస్థలోనూ బాధ్యత స్వీకరించారు.

ఆ పిమ్మట ఉస్మానియాలో బోధనాభాష మారింది. స్తంభమూ కమానూ మాత్రం విడిపోలేదు.

విద్యార్థి మిత్రులారా! మన ఓరుగల్లు కోటలో కాకతీయ తోరణాలకు చేరువనే ఖుష్ మహల్ నిలిచివున్నది. వేర్వేరు కాలాలు ఆ రెంటినీ ప్రక్కప్రక్కన నిలిపాయి. జైన్ యార్ జంగ్ అటువంటి రెండింటిని ఒకే గోడలో కలిపారు. తెలుగును, ఉర్దూను ఒకే ప్రాంగణంలో చదువుకొనే మనకు ఆయన పేరు గుర్తుండవలసినది అందుకే.